రెండో వరుసలో మా బాపు కాలు

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. సినిమాలో నటించిన మొదటివాడు మా బాపు, అంటే మా నాన్న. ఈ రెండింటిలో మొదటి సంగతికి ధ్రువపత్రం ఉంది. దానికి చట్రం కట్టించి, అద్దం బిగించి, ముందు గదిలో గోడకు వేలాడదీశారు. రెండో సంగతికి మాత్రం నలభై ఏళ్లకు పైగా ఏ ఆధారమూ లేకపోయింది. అది దొరికిన సాయంత్రం నేను చేతిలో మైకు పట్టుకుని ఆ సినిమానే విమర్శిస్తూ నిలబడి ఉన్నాను. కనుక జరిగినదాన్ని వరుసగా చెప్పడం నా బాధ్యత అని భావిస్తున్నాను.

మాది కరీంనగర్ వైపు ఒక మగ్గాల ఊరు. బాపు వయసులో ఉన్నప్పుడు గుంట మగ్గం నేసేవాడు. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ పుట్టిల్లు ఖానాపూర్. పెళ్లయిన కొత్తలో, బాపు అత్తగారింట్లో మర్యాదలు అందుకుంటున్న రోజుల్లో, ఆ ఊరి అవతలి అడవికి ఒక సినిమా బృందం వచ్చింది. రాజకుమారుడు, రాజకుమారి, మాంత్రికుడు ఉన్న జానపద చిత్రం. అందులో రాజకుమారుణ్ని అడవి మనుషులు పట్టుకుని, కొయ్యకు కట్టేసి, చుట్టూ ఎగిరి, బలి ఇవ్వబోయే ఘట్టం ఒకటి ఉంది. ఆ అడవి మనుషులుగా ఎగరడానికి కొందరు కావలసి వచ్చారు. షూటింగ్ చూడటానికి వెళ్లిన కొత్త అల్లుణ్ని భుజం పట్టి వరుసలో నిలబెట్టారు.

"నన్ను ఏరుకున్నరు" అంటాడు బాపు. ఆ మాట దగ్గర ఆయన గొంతు ఎప్పుడూ కొంచెం పెరుగుతుంది. "బొగ్గుమసి, ఆముదం కలిపి బకీట్ల పెట్టిండ్రు. గోడకు సున్నమేసినట్టు బ్రష్షుతోని ఏసిండ్రు. మొహం, చెవులు, అరికాళ్లు గూడ ఇడిసిపెట్టలే. నడుముకు మోదుగాకులు, నెత్తికి కోడీకెలు. ఎగురుండ్రి, నోటికేదొస్తే అది అరువుండ్రి అన్నడు డ్యాన్సు మాస్టరు. నా పక్కోడు వాళ్ల బర్రెను పిలిసిండు. నేను 'నూలెప్పుడొస్తది, నూలెప్పుడొస్తది' అని అరిసిన."

అవ్వ వైపు నుంచి ఈ కథ మరోలా ఉంటుంది.

"పొద్దుగూకినంక తలుపు కొట్టిండు. మా అవ్వ దీపం పట్టుకొని తీసింది. నల్లగ మెరుసుకుంట ఒకడు 'అత్తా' అంటుండు. తలుపేసి గొళ్లెం పెట్టింది. బయట గీయన మొత్తుకుంటుండు, నేను మీ అల్లున్ని అని. మా బాపు లోపట్నుంచి అడుగుతుండు, అల్లునివైతే పెండ్లిల ఏం కూర వండినమో చెప్పు అని."

"చెప్పాడా?" అని నేను చిన్నప్పటి నుంచీ అడుగుతూ వస్తున్నాను.

"కూర చెప్పిండు. అండ్ల ఉప్పు తక్కువైందని గూడ చెప్పిండు. గప్పుడు నమ్మిండ్రు."

కాస్త ఆగి, తల పక్కకు తిప్పుకుని, అవ్వ ముగింపు వాక్యం చెబుతుంది. "అసలే పిల్లగాడు జర రంగు తక్కువని మా చుట్టాలు గునుగుతుండిరి. ఉన్నది సాలదని మళ్ల పూయించుకొచ్చిండు."

సినిమా విడుదలైనప్పుడు బాపు వాడకట్టు వాళ్లందరినీ వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్లాడు. అక్కడే చిక్కు మొదలైంది. తెర మీద అడవి మనుషులు వచ్చారు, ఎగిరారు, రాజకుమారుడు కట్లు తెంచుకుని అందరినీ చితకబాదాడు, అంతా అయిపోయింది. బాపు "గదే, గదే" అని చెయ్యి చూపేసరికి తెర మీద రాజకుమారి జలకమాడుతోంది. వాడకట్టు వాళ్లు బాపు వేలి వైపు, ఆ తరువాత రాజకుమారి వైపు చూసి, ఏమీ అనకుండా ఇంటికి వచ్చారు.

ఒకాయన మాత్రం అన్నాడు. ఆయన బాపుకు వరుసకు బావ. నేను మామా అని పిలుస్తాను. ఇద్దరూ పక్కపక్క మగ్గాల మీద పని నేర్చుకున్నవాళ్లు. ఆనాటి నుంచి ఈనాటి దాకా, పెళ్లిలోనైనా చావులోనైనా, బాపు సినిమా ఊసెత్తితే చాలు, మామ సిద్ధంగా ఉండేవాడు.

"అందరు నల్లగనే ఉండిరి గదా బామ్మర్దీ. గా ముందట ఈటె పట్టుకున్నది నేనే. కాదని సూపెట్టు."

బాపు చూపించలేకపోయేవాడు. ఇంట్లో టీవీ వచ్చాక ఒక మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. సరిగ్గా కొయ్య పాతే సమయానికి కరెంటు పోయింది. ఇటీవలి కాలంలో నేను దాన్ని ఫోనులో వెతికిపెట్టాను. ఆ తెర మీద అడవి మనుషులు జీలకర్ర గింజల్లా కదిలారు. బాపు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "పెద్దగ సూస్తే దొరుకుత" అన్నాడు. ఏదో పోగొట్టుకున్న వస్తువు గురించి చెప్పినట్టు అన్నాడు.

ఇక నా సంగతి. నేను లక్సెట్టిపేటలో ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. ఒక జాతి మనుషులను మరొక జాతి వాళ్లు ఎలా చిత్రించారన్నది నాకు ఇష్టమైన పాఠ్యాంశం. ఆ దృష్టితో బాపు సినిమాను చూసినప్పుడు నాకు దాదాపు చెమట పట్టింది. అందులో అడవిలో ఉండేవాళ్లకు భాష లేదు, కేకలే ఉన్నాయి. పేర్లు లేవు. పిల్లలు లేరు, ఇళ్లు లేవు, మనిషిని ఉడికించే బాణలి ఒకటి మాత్రం ఉంది. నలుపు భయానికి గుర్తు, తెలుపు మంచికి గుర్తు. రాజకుమారుడు ఎండలో అంతకాలం అడవిలో తిరిగినా ముఖం మీద పౌడరు చెదరదు. ఈ పాత సినిమాలను నేటి కొలమానాలతో తూచవచ్చా, తూచకూడదా అన్న అంశంపై ఒక వ్యాసం రాయాలని నిశ్చయించుకున్నాను. తూచవలసిన సరుకులో మా బాపు కూడా ఉన్నాడన్నది నాకు తెలుసు. అందువల్ల ఆ వ్యాసం ఎంతకూ ముందుకు సాగేది కాదు.

మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఉన్నారు. వారిది ఇచ్చోడ వైపు గోండు కుటుంబం. ఈ విషయం ఆయన ముందు ఎత్తాలంటే నాకు సంకోచంగా ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన టిఫిను డబ్బా విప్పుతుండగా, సినీరంగం తరఫున క్షమాపణ కోరుతున్న ధోరణిలో మెల్లగా సంగతి చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూనే విన్నారు.

"ఖానాపూర్ అడివిల తీసిన సినిమానా సార్? మా తాతను గూడ పిలిసిండ్రు."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"మా అమ్మమ్మ వాళ్ల గూడెం గక్కడనే. గోండోళ్లు కావాలె అని జీపు పంపిండ్రట. మా తాతోళ్లు తానాలు జేసి, తెల్లధోతులు కట్టి, రుమాళ్లు సుట్టి పోయిండ్రు. మా తాతకు చేతిగడియారం గూడ ఉండె. మేనేజరు మీదికెళ్లి కిందిదాక జూసి, మీరు గోండోళ్ల లెక్క లేరు, పోండ్రి అన్నడట." ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, కొనసాగించారు. "ఇంటి నుంచి పిలిపించుకొని, మీరు మీ లెక్క లేరు అని చెప్పిండ్రు సార్. మా తాత సచ్చేదాక గిదే చెప్పి నవ్వెటోడు."

"నవ్వేవారా? బాధపడలేదా?"

"బాధ గూడ అయింది సార్. తీస్కపోయినప్పుడు జీపు, పంపినప్పుడు జీపు లేదు. మాపటి దాక నడుసుకుంట అచ్చిండ్రు."

ఆ వెనక్కి పంపినవాళ్ల స్థానాల్లో ఎవరిని నిలబెట్టారో చెప్పడం న్యాయమని నాకు తోచింది. చెప్పాను. ఆయన ముద్ద కలపడం ఆపారు. కోపం వచ్చిందేమోనని నేను భయపడ్డాను.

"అయితే మనం పాత చుట్టాలమే సార్" అన్నారు చివరికి, పచ్చడి నా వైపు జరుపుతూ.

మా నేతవాళ్ల సంఘం ఏటా మార్కండేయ జయంతి జరుపుతుంది. ఊరేగింపు, పూజ, అన్నం, మధ్యలో నా ఉపన్యాసం. చదువుకున్నవాణ్ని కనుక నాకు శాలువా కప్పుతారు. కప్పినందుకు నేను మాట్లాడతాను. నేను మాట్లాడుతుండగా జనం విస్తళ్ల వైపు వెళతారు. సంఘం అధ్యక్షుడు మామే. ఈసారి జయంతికి కొన్నాళ్ల ముందు ఆయన మా ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, సూటిగా విషయంలోకి దిగాడు.

"ఏమనుకోకు అల్లుడా, గీసారి ముచ్చట జర తగ్గియ్యాలె. సినిమా ఏస్తున్నం. నువ్వు ముందుగాల రెండు ముక్కలు మాట్లాడు, సాలు."

ఏ సినిమా అని అడిగాను. మామ బాపు వైపు చూశాడు. బాపు గోడ మీది నా ధ్రువపత్రం వైపు చూశాడు. తెలిసిపోయింది.

"మీ బాపు నా పానం తింటుండు" అన్నాడు మామ. "సరే, పెద్ద తెర మీద ఏస్త అన్న. సంఘపోళ్లందరు సూస్తరు. ఉంటే ఉన్నడంట. లేకుంటే గా మైకుల్నే ఒప్పుకోవాలె, నేను సినిమల లేను, ఇన్నొద్దులు ఊకెనే చెప్పిన అని. మళ్ల గీ ముచ్చట ఎత్తద్దు."

"ఎత్తనే ఎత్త" అన్నాడు బాపు. నవ్వులాటగానే అన్నాడు గానీ ఆయన చేతులు రెండూ మోకాళ్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నేను ఆ రెండు ముక్కలను తయారుచేయడం మొదలుపెట్టాను. ఒక దృశ్యం మనుషులను కించపరుస్తున్నదని తెలిసి కూడా హెచ్చరిక లేకుండా దాన్ని ప్రదర్శించడం నా అంతరాత్మకు సమ్మతం కాదు. కాబట్టి అడవి మనుషుల నాట్యం రాకముందే సినిమాను ఆపి, సభకు వివరించాలని సంకల్పించాను. ముందు గదిలో నిలబడి పైకి చదువుకుంటున్నాను: "ఇప్పుడు మీరు చూడబోయే దృశ్యం అడవి బిడ్డలను అత్యంత హీనంగా చూపిన దృశ్యం."

బాపు గడపలో నిలబడి ఉన్నాడు.

"గా హీనంగ ఉన్నోడు నేనేనా బిడ్డా?"

"నువ్వు కాదు బాపూ. అట్లా చూపినవాళ్లను అంటున్నాను."

"సూపెట్టింది నన్నే గదా."

దానికి నా దగ్గర జవాబు ఉంది. అయితే అది చాలా పేజీల జవాబు. బాపు అంతవరకు ఆగలేదు. "తిట్టు. నాకు సదువు రాదు, తప్పో ఒప్పో నువ్వే చెప్పాలె. గని నన్ను సూపెట్టినంక తిట్టు. నువ్వు ముందుగాల్నే తిడితే, గాయినె నేనే అని నేను లేసి నిలవడుడెట్ల?"

ఈ తగవు మామ దగ్గరికే పోయింది. ఆయన తీర్పు చెప్పే ముందు సినిమా పక్షాన వాదించాడు. "గా కాలంల గది తప్పు గాదు అల్లుడా. గిప్పటి రాళ్లతోని గప్పటి బియ్యం జోకుతవా?" నేను కాలానికీ విలువలకూ మధ్య గల సంబంధాన్ని వివరించడం ప్రారంభించాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"సగం డ్యాన్సు అయినంక ఆపు. సగంల మీ బాపు దొరుకుతడో లేదో సూద్దం. మిగిలిన సగంల నువ్వు తిట్టు. గని అన్నాలు సల్లారకముందే అయిపోవాలె."

మేమిద్దరం ఒప్పుకున్నాం. ఆ సభకు నా మిత్రుణ్ని అతిథిగా పిలవాలని నేను ప్రతిపాదించాను. అదీ ఒప్పుకున్నారు.

జయంతి నాడు మిత్రుడు నా బండి వెనకే కూర్చుని వచ్చారు. సంఘం భవనం గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆయన దాని ముందు నిలబడి తదేకంగా చూశారు.

"సార్, మీ ఊళ్లె ఇంత తెల్లగున్నోళ్లు ఎవలు?"

అది నేను. ఫ్లెక్సీ ముద్రించేవాళ్లు ఎవరూ చెప్పకుండానే ముఖాలకు తెలుపు పెంచుతారు. నా బుగ్గలు పాల మీగడలా ఉన్నాయి. నా పక్కన శాలువాతో ఇంకొక తెల్లటి పెద్దమనిషి ఉన్నాడు. కింద 'ముఖ్య అతిథి' అని చూసిన తరువాత అది తానేనని మిత్రునికి అర్థమైంది.

"సినిమావాళ్లు మమ్ముల మసి పూసి నలుపు జేసిండ్రు. మీ ఫ్లెక్సీవాళ్లు తెలుపు జేసిండ్రు" అన్నారు. "నా రంగు ఎవ్వలకు పసంద్ అస్తలేదు సార్."

ఆ ఫ్లెక్సీ కిందనే నిలబడి నేను వర్ణవివక్ష గురించి మాట్లాడవలసి ఉంది. దాన్ని తీయించమని అడిగాను. అవ్వ వినలేదు. "ఎంత మంచిగొచ్చినవు కొడుకా, జరసేపు ఉండనియ్" అంది. నేను అవ్వతో ఈ అంశం మీద గతంలో కూడా చర్చించాను. ఫలితం ఇలాగే ఉంటుంది.

బాపు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చి, మిత్రుని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, మీ తాత జాగల నేను నిలవడ్డనట గదా. మా వాడు చెప్పిండు. నాకు ఎరుక లేకుండె."

"ఫికర్ చెయ్యకు కాకా" అన్నారు ఆయన. ఇచ్చోడ వైపు పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. "మా తాతయితే ఆకులు కట్టుకుంటుండెనా? గడియారంకు ఆముదం అంటుతదని తగాద వెట్టుకుంటుండె."

బాపు ఆ రోజు మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు.

చీకటి పడుతుండగా భవనం ముందు తెర కట్టారు. తెర కూడా మా ఊళ్లో నేసిన తెల్లగుడ్డే. లాప్‌టాప్ నా చేతిలో ఉంది. ముందు బెంచీల మీద బాపు తరం వాళ్లు, వాళ్ల వెనక అవ్వ, మిగతా ఆడవాళ్లు, ఆ వెనక కరెంటు మగ్గాలు నడిపే నేటి తరం. మాంత్రికుడు వచ్చాడు, రాజకుమారి మూర్ఛపోయింది, రాజకుమారుణ్ని కొయ్యకు కట్టేశారు. డప్పులు మోగాయి. అడవి మనుషులు తెర నిండా వచ్చి ఎగరసాగారు. సగం నాట్యం అయ్యిందని నా లెక్కకు తోచినచోట సినిమా ఆపాను. నల్లటి మనుషులు గాలిలో ఈటెలెత్తి కదలకుండా ఆగిపోయారు.

నేను తెర ముందుకు వచ్చి మైకు తీసుకున్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను ఎవరూ వినలేదు. ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ దగ్గలేదు. మనిషిని జంతువుగా చూపే అలవాటు మన వినోదంలోకి ఎలా వచ్చిందో చెబుతున్నాను. ముందు బెంచీల వాళ్లు మెడలు సాచి వింటున్నారు. కొందరు లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు నా దగ్గరికి నడిచి వచ్చారు. నా గొంతు ఉత్సాహంతో పెరిగింది.

"జర పక్కకు జరుగు బిడ్డా" అన్నాడు ఒక ముసలాయన. "మీ బాపు నీ ఎనుకాల ఉండచ్చు."

నేను జరిగాను. ఆ తరువాత నా ప్రసంగం కొనసాగిందని చెప్పలేను. జనం తెర చుట్టూ మూగారు. ఒకరు ముందున్నవాడన్నారు, ఇంకొకరు బాపు అంత పొడుగు లేడన్నారు. "గీ చెవులు మనోనియే" అన్నారు ఎవరో. "చెవులు అందరియి గట్లనే ఉన్నయి" అన్నాడు మామ. మసి ముఖాల్లో కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ లేవు. ఒక ముఖానికీ ఇంకో ముఖానికీ మధ్య తేడా తెలిసేలా తీయాలన్న ఆలోచనే ఆ తీసినవాళ్లకు రాలేదు.

బాపు తెర దగ్గరికి వచ్చాడు. వేలు పెట్టి, గుడ్డను తాకకుండా, ఒక్కొక్క ముఖం మీదుగా మెల్లగా కదిలించాడు. ఒక వరుస అయిపోయింది. రెండో వరుస అయిపోయింది. నా వైపు తిరిగి, మైకుకు వినిపించకుండా, చాలా మెల్లగా అడిగాడు.

"గిండ్లల్ల నేనెవన్నిరా?"

నేను నా కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాను.

మామకు ఎగతాళి చేయడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఆయన చేయలేదు. "పోనియ్ బామ్మర్దీ, ఒప్పుకొని కూసో, అన్నం తిందం" అన్నాడు, భుజం మీద చెయ్యి వేసి. ఆ జాలి బాపుకు వెక్కిరింత కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన మైకు కోసం నా వైపు చెయ్యి చాచాడు.

అప్పుడు వెనక కుర్చీలోంచి మిత్రుని గొంతు వినిపించింది. "సార్, జర నడువనియ్యుండ్రి. నిలవడితే అందరొక్క తీరే ఉన్నరు. ఎగిరేటప్పుడు సూద్దం."

నేను మైకు బాపుకు ఇవ్వకుండా లాప్‌టాప్ దగ్గరికి వెళ్లాను. తెర చుట్టూ మూగినవాళ్లు బెంచీల మీదికి వెళ్లాక, సినిమాను కొంచెం వెనక్కి జరిపి, వేగం తగ్గించి నడిపాను.

అడవి మనుషులు నీళ్లలో ఎగురుతున్నట్టు నెమ్మదిగా ఎగిరారు. అందరూ రెండు కాళ్లూ కలిపి ఎగురుతున్నారు. ఎడమ వైపు, రెండో వరుసలో ఒకడు మాత్రం ఎగరడం లేదు. అతని కుడికాలు కిందికి నొక్కుకుంటోంది, ఎడమకాలు లేస్తోంది. ఎడమకాలు నొక్కుకుంటోంది, కుడికాలు లేస్తోంది. ఎడమచేతిలో ఈటె కదలకుండా ఉంది. కుడిచెయ్యి మాత్రం గాలిలో లేని తాడునేదో పట్టుకుని, ఒక్కో అడుగుకు ఒక్కసారి ఠక్కున లాగుతోంది.

మామ నోరు తెరిచాడు.

"గది డ్యాన్సు గాదు" అన్నాడు. "వాడు నేస్తుండు."

ఒక్క క్షణం తరువాత ముసలివాళ్లందరూ ఒకేసారి నవ్వారు. వెనక ఉన్న నేటి తరానికి ఏమీ అర్థం కాలేదు. కరెంటు మగ్గం నడిపేవాడి కాళ్లకు పని ఉండదు. అతను నిలబడి చూస్తాడు, తెగిన పోగు ముడివేస్తాడు. మామ వాళ్ల వైపు తిరిగి బెంచీ అంచున కూర్చున్నాడు.

"గుంట మగ్గం అంటే గుంటల కాళ్లు పెట్టి కూసునుడు. కింద రెండు కట్టెలుంటయి. గీ కాలు తొక్కు, తాడు గుంజు, నూలు పట్టుకొని నాడె గిటు ఉరుకుతది. గా కాలు తొక్కు, తాడు గుంజు, గటు ఉరుకుతది. నలభై ఏండ్లు నేను గీని పక్కన కూసోని గీ కాళ్లే సూసిన. మొహం ఎన్నడు సూడలే."

"మళ్ల ఎయ్ కొడుకా" అంది అవ్వ వెనక నుంచి. వేశాను. "గా గుంజుడు సూడు, కుడిచెయ్యి. ఇంట్ల నిద్రల గూడ గట్లనే గుంజుతుండె. నా దుప్పటి మొత్తం గటే పోతుండె."

ఇంకోసారి వేశాను. నేను తెర వైపు చూడటం మానేసి బెంచీల వైపు చూశాను. ముందు వరుసలో ఉన్న ముసలివాళ్ల కాళ్లన్నీ, వాళ్లకు తెలియకుండానే, తెర మీది డప్పుకు మారి మారి నేలను నొక్కుతున్నాయి. మామ కాళ్లు కూడా. మా బాపు మాత్రం కాళ్లు కదపకుండా నిలబడి, తెర మీద కదులుతున్న తన కాళ్లను చూసుకుంటున్నాడు.

"నూలెప్పుడొస్తది అంటున్న సూడు" అన్నాడు ఎవరితోనో. డప్పుల మోతలో అది వినబడదు. అయినా అందరూ విన్నట్టు తల ఊపారు.

"ఇగ తిట్టు బిడ్డా" అన్నాడు బాపు నా వైపు తిరిగి. ఆయన గొంతులో యజమాని అనుమతి ఇచ్చిన దర్జా ఉంది.

నా ప్రసంగంలో ఎక్కడ ఆపానో నాకు గుర్తు లేదు. మైకు మిత్రునికి ఇచ్చాను. ఆయన తాత సంగతి చెప్పారు, గడియారంతో సహా. జనం బాగా నవ్వారు. నవ్వు తగ్గే దాకా ఆగి ఆయన అన్నారు: "గా కాలంల గది తప్పు గాదు అంటున్నరట. మా తాతకు గా రోజే ఎరికైంది తప్పని. జీపు లేకుంట నడిసిండు గదా, తొవ్వ పొడుగూత గదే చెప్పిండట. గప్పుడు ఎవ్వలు అడుగలే, గంతనే."

నేను చాలా పేజీలు ఖర్చుపెట్టి చేరలేకపోయిన చోటికి ఆయన అలా చేరుకున్నారు. నేటి కొలమానం అని మనం అంటున్నది కొత్తగా పుట్టినదేమీ కాదు. ఆ రోజు వెనక్కి పంపబడ్డవాళ్ల చేతుల్లో అది అప్పటికే ఉంది. ఈ మాటను నేను నా ధోరణిలో సభకు వివరించబోయాను. కానీ బాపు ముందే మైకు దగ్గరికి వంగాడు.

"నాకు గూడ గా రోజే తెలిసింది. మా అత్త తలుపేసినప్పుడు."

నవ్వులు ఆగాక ఇంకో మాట అన్నాడు, ఈసారి నవ్వకుండా. "గా మసి పూసినోడు దొరికితే అడుగుత. గది పుయ్యకుంటే నా మొహం కనవడుతుండె. గింతకాలం నన్ను అబద్దాలోన్ని జేసి పెట్టిండు."

మామ లేచి, నా కోసం తెచ్చిన శాలువాను విప్పి, బాపు భుజాల మీద కప్పాడు. నాకు మరో శాలువా లేదన్నాడు. అన్నాలు చల్లారాయని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున నేను ముందు గదిలో కూర్చుని, ఎంతకాలంగానో నిలిచిపోయిన నా వ్యాసాన్ని మళ్లీ మొదలుపెట్టాను. గేటు దగ్గరి ఫ్లెక్సీని అవ్వ రాత్రే విప్పించి తెచ్చింది. దాన్ని మడిచి నా పాల మీగడ బుగ్గలు పైకి కనబడేలా అల్మారా మీద పెట్టింది. బాపు శాలువా కప్పుకునే చాయ్ తాగుతున్నాడు.

"నా సంగతి రాస్తున్నవా?"

రాస్తున్నానని, అయితే వ్యాసంలో ఎవరి పేర్లూ, మా ఊరి పేరూ, సినిమా పేరూ రాయకూడదని నియమం పెట్టుకున్నానని వివరించాను. బాపు చాయ్ ఊదుతూ ఆలోచించాడు. పేరు లేకపోవడం ఆయనకు కొత్త కాదు. ఆ సినిమా మొదట్లో పడే పేర్లలోనూ ఆయన లేడు.

"పేరెందుకు" అన్నాడు. "ఎడమ దిక్కు, రెండో వర్స, మగ్గం తొక్కుతున్నోడు అని రాయి. సూసేటోడు గుర్తువడ్తడు."

రాస్తున్నాను. కొయ్య చుట్టూ మసి పూసిన మనుషులు ఎగిరే నాట్యాలు పాత సినిమాల్లో చాలా ఉన్నాయి. అవి తప్పే, తీసిననాడు కూడా తప్పే, ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను. అయినా అలాంటి సినిమా మీకు ఎక్కడైనా కనబడితే, దయచేసి వేగం కొంచెం తగ్గించి, ఎడమ వైపు రెండో వరుసలో చూడండి. ముందు ఆయన్ని చూడండి. ఆ తరువాత తిట్టండి.